కక్షతో వేసిన వంగతోట

వంకాయ మీద ప్రేమతో నేను వంగతోట వేయలేదు. ఒక మనిషి మీద కక్షతో వేశాను. ఇప్పుడు నా పెరట్లో ఇన్ని రకాలు చూసి, నారు కోసం వచ్చే అమ్మలక్కలు "మీకు వంకాయంటే ఎంత ఇష్టమో" అంటుంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. నిజానికి నాకు ఇష్టమైన కూర బీరకాయ.

పంతొమ్మిది వందల ఇరవైల నాటి మాట. పార్వతీపురం పల్లంలో పుట్టినదాన్ని, అరకు లోయకూ పెదబయలుకూ నడుమ ఒక కొండపల్లెకు కోడలిగా వచ్చాను. మా మామగారి తండ్రి ఎప్పుడో ఉప్పుబండితో కొండెక్కి, గెడ్డ, అంటే కొండవాగు, పక్కన చదునైన నేల చూసుకుని అక్కడే ఉండిపోయాడట. ఇంట్లో అత్తమామలు, బావగారు, ఆయన భార్య, మేమిద్దరం. బావగారి భార్యను మా వైపు యారాలు అంటారు. పిలవడం మాత్రం "అప్పా" అనే, అంటే అక్కా అని. నేనూ అలాగే పిలిచాను. పిలుపులో ఏనాడూ లోటు చేయలేదు.

ఆ యారాలికి పుట్టింటి నుంచి తెచ్చుకున్న వంకాయ ఒకటి ఉండేది. ఊదారంగు మీద తెల్లటి చారలు, పిడికిట్లో పట్టేంత కాయ, తొడిమ నిండా ముళ్ళు. కోస్తే గింజ కనపడదు, నూనెలో పడితే వెన్నలా మగ్గిపోతుంది. వంటింటి వెనక అంట్లనీళ్ళు పారే మూలలో ఏటేటా అదే వేసేది. మామగారికి ఆ కూర లేనిదే ముద్ద దిగదు. మా అత్త ఏ ఇంటికి వెళ్ళినా ఆ కాయల కబురే చెప్పేది. దేవుడి గూటికి లేని మర్యాద ఆ మూలకు జరిగేది.

మా వాళ్ళలో ఒక కట్టు ఉంది. బియ్యం అడిగితే లేవనవచ్చు, ఉప్పు అడిగితే లేదనవచ్చు. కొంగు చాపి విత్తు అడిగిన మనిషిని మాత్రం ఉత్తచేతులతో పంపకూడదు. చిటికెడైనా పెట్టాలి. పెట్టకపోతే మన చేలో పంట కూడా మనల్ని విడిచిపోతుందని భయం. కొండవాళ్ళలోనూ ఇదే కట్టు. కొత్తకోడలిని, తొలకరి పడింది, నాకూ నాలుగు మొక్కలు వేసుకోవాలనిపించింది. వెళ్ళి కొంగు చాపాను.

"అడగాలేటి గుంటా. నీది నాది అని ఉన్నాదేటి" అని యారాలు లోపలికి వెళ్ళింది. చాలాసేపటికి ఒక అడ్డాకు పొట్లం తెచ్చి నవ్వుతూ నా కొంగులో పెట్టింది.

మడి ఎత్తుగా కట్టి, పెంట జల్లించి వేసి, బూడిద కలిపి విత్తాను. మా అమ్మ దగ్గర నేర్చుకున్న పద్ధతే. ఒక్క మొలక రాలేదు. వాన ఎక్కువై కుళ్ళిపోయాయేమో అనుకుని మళ్ళీ వెళ్ళి కొంగు చాపాను. మొదటిసారి కన్నా ఎక్కువ ప్రేమగా ఇచ్చింది. మళ్ళీ రాలేదు. పక్కనే ఆమె మడిలో మొలకలు పచ్చగా నిలబడి నన్ను చూస్తున్నాయి.

"ఇత్తనం మంచిదే అత్తా. నా మడిలో మొలిసింది కదేటి. మరి సెయ్యి ఎలాటిదో" అంది యారాలు, నాకు వినపడేంత దూరంలో నిలబడి.

మా అత్త నా చేతిని పట్టుకుని తిప్పి చూసి, "ఒట్టిసెయ్యి" అని వదిలేసింది.

ఆ ఒక్క మాట ఏం చేస్తుందో ఇప్పటివాళ్ళకు తెలియదు. ఒట్టిచెయ్యి అంటే ఏం వేసినా మొలవని చెయ్యి. అలాంటి చేత్తో విత్తనాల కుండ ముట్టనివ్వరు. ఆవకాయ కలపనివ్వరు. ఈనబోయే ఆవు దగ్గరికి రానివ్వరు. మా ఇంట్లో తొలకరికి చోళ్ళ, అంటే రాగుల, నారుమడిలో మొదటి గుప్పెడు చల్లేది మా అత్త. ఆమె మోకాళ్ళు పట్టేశాయి. రేపో మాపో ఆ పని ఇద్దరు కోడళ్ళలో ఒకరికి అప్పగించాలి. మొదటి గుప్పెడు ఎవరిదైతే విత్తనాల అటక వాళ్ళది, అటక ఎవరిదైతే ఇల్లు వాళ్ళది. పెద్దకోడలికి అది ఎలాగూ వస్తుందని మీరనవచ్చు. రాదు. మా ఇంట్లో వయసు చూడరు, చెయ్యి చూస్తారు. మా అత్త కూడా ఆ ఇంటికి చిన్నకోడలే. అందుకే నేను కాపురానికి వచ్చిన నాటి నుంచే యారాలికి గుండెల్లో దడ.

అది కూడా క్షమించేదాన్నేమో. నీళ్ళకు వెళ్ళినచోట నలుగురు ఆడవాళ్ళ ముందు, "సెయ్యే మొలవనిదానికి కడుపేటి మొలుస్తాది" అంది. నాకు పెళ్ళై ఇంకా ఏడాది నిండలేదు. తర్వాత ముగ్గురిని కన్నాను, వాళ్ళకూ నా చేతికీ ఏ సంబంధమూ లేదు. కానీ ఆ రోజు కడవ ఎత్తుకుని వస్తూ, ఈ మనిషిని ఊరికే వదలకూడదని నిశ్చయించుకున్నాను.

రెండోసారి ఇచ్చిన పొట్లం ఆకు చూరులో అలాగే దోపి ఉంది. తీసి విప్పితే మడతల్లో కొన్ని గింజలు అంటుకుని ఉన్నాయి. రంగు కాస్త ఎర్రగా ఉంది. ఒకటి పంటికింద పెట్టి కొరికాను. పచ్చి వంగగింజ చప్పగా ఉండి చివర నాలుక గిలపెడుతుంది. ఇది నువ్వులు వేపిన వాసన వేసింది. పొయ్యి ముందు కూర్చుని ఇంకొకటి కొరికాను, అదీ అంతే. విత్తు లేదనడానికి కట్టు ఒప్పుకోదు కనుక, మా యారాలు పెనం మీద వేపి ఇచ్చిందన్నమాట. కట్టు తప్పలేదు, కాయ పోలేదు. నోట్లో చక్కెర, కడుపులో కత్తెర అంటారే, అలాంటి మనిషి.

ఎవరితో చెప్పను? పొట్లం చూపిస్తే "నువ్వే ఏపీసినావు" అంటుంది. పైగా ఏడుస్తుంది. ఆమె ఏడిస్తే ఇల్లంతా ఆమె వైపే. మా ఆయనతో ఒకసారి కదిపి చూశాను. "ఆడోల గొడవలు నాకొద్దు. ఏటి సేసుకుంతావో సేసుకో, ఇంట్లో రచ్చ మాత్రం సెయ్యకు" అన్నాడు. సరే, రచ్చ చేయలేదు.

చలికాలం వెళ్ళిపోతూండగా యారాలు తన విత్తుకాయ కోసింది. ఏడాదికి ఒక్క కాయే వదిలేది, దిష్టి తగలకుండా దానికి సున్నం బొట్టు పెట్టి. నీళ్ళలో పిసికి గింజలు చేటలో ఆరబోసి, కోళ్ళు రాకుండా చూడమని నన్నే కాపలా పెట్టింది. ఒట్టిచెయ్యి గింజల్ని తాకకూడదు గానీ కోళ్ళను తోలవచ్చు. కోళ్ళను బాగానే తోలాను. కొన్ని గింజలు నా కొంగుముడిలోకి వచ్చాయి. దొంగతనం అంటారా, అనండి. అడిగినప్పుడు ఇవ్వనిదాన్ని అడగకుండా తీసుకున్నాను. ఇంట్లోకి వెళ్ళి వాటిలో ఒకటి రెండు, పొట్లంలో మిగిలినవి ఒకటి రెండు, వేరువేరు తడిగుడ్డల్లో కట్టి పొయ్యిగట్టు మీద వెచ్చగా పెట్టాను. చేటలోవి మొలిచాయి. పొట్లంలోవి బూజు పట్టాయి. నా చేతికి ఏ రోగమూ లేదని ఆ రోజు నాకు తెలిసింది, కానీ నాకు తెలిస్తే చాలదు కదా.

అప్పుడు మొదలైంది నా వంకాయల పిచ్చి. ఆమెకు ఒక్క రకం ఉంటే నాకు సంతలో ఉన్న రకాలన్నీ ఉండాలనుకున్నాను. సంతకు వెళ్ళినప్పుడల్లా కొండ ఆడవాళ్ళ బుట్టల ముందు కూర్చుని కొంగు చాపేదాన్ని. వాళ్ళు వేపి ఇవ్వరు. ఒకామె కోడిగుడ్డంత తెల్ల వంకాయ విత్తు పెట్టింది. అది చూపుకే గానీ రుచికి సాదాగా ఉంటుంది, పులుసులో వేసుకోవాలి. ఒడిశా వైపు నుంచి వచ్చేవాళ్ళ దగ్గర గుండ్రటి ఆకుపచ్చ కాయ దొరికింది. కాల్చి పచ్చడి చేస్తే దాన్ని మించినది లేదు. పొడుగు ఊదాకాయ మా పుట్టింటిది, అమ్మ పంపింది. గుత్తులుగా కాసే చిన్నకాయ ఇంకొకటి, నీళ్ళు తక్కువైనా బతుకుతుంది, పెరడు చిన్నదైనవాళ్ళు అదే వేసుకోవాలి.

మా గెడ్డ ఒడ్డున ఎవరూ వేయని వంగ కూడా ఉండేది. ఆకు మీద, కాండం మీద, అంతటా ముళ్ళే. గోలీ అంత కాయ, పచ్చిగా ఉన్నప్పుడు చారలు, పండితే పసుపు. నోట పెడితే కాకరకాయ నయం. పువ్వు మాత్రం మన వంగపువ్వే, తేడా కనిపెట్టలేరు. ఒకసారి దాన్ని చూస్తూ నిలబడితే, పుల్లలకు వచ్చిన ఒక కొండ ముసలమ్మ ఆగింది.

"ఇది ఎవులూ ఎయ్యనేదమ్మా. మా కొండదే. మీ ఒంకాయకి ఇదే తల్లి" అంది.

"మా పల్లం కాయలు ఎంతుంటాయో చూశావా? ఈ చేదు కాయకీ వాటికీ చుట్టరికం ఏమిటి?" అన్నాను.

"పిల్ల లావైపోతే తల్లి కాకుండా పోద్దా" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

అప్పుడు నేను నమ్మలేదు. మిరపకాయ ఓడెక్కి వచ్చిందనీ, బంగాళాదుంప, మేము సీమవంకాయ అని పిలిచే టమాటా కూడా అలా వచ్చినవేననీ, వంకాయ మాత్రం ఈ నేలలో పుట్టిందేననీ చదువుకున్నవాళ్ళు చెప్పగా చాలా ఏళ్ళకు విన్నాను. ముళ్ళు, చేదు ఆ జాతికి పుట్టుకతో వచ్చినవి. తరతరాల ఆడవాళ్ళు తీపికాయను ఎంచి ఎంచి విత్తుకు వదిలితే ఇంత మెత్తబడింది. నన్నడిగితే తొడిమ దగ్గర కొంచెం ముల్లు మిగిలి ఉన్నదే మంచి కాయ. పూర్తిగా మెత్తబడినవాటిని ఎవరైనా నలిపేస్తారు.

గెడ్డ అవతల మా ఆయన వాటాకు వచ్చిన ఒక రాళ్ళ ముక్క ఉంది. మరుసటి తొలకరికి అక్కడ వేశాను. ఒట్టిచెయ్యి ఏం నాటినా ఎవరూ చూడడానికి రారు. ఆ పేరు వల్ల నాకు కలిగిన లాభం అదొక్కటే. రాళ్ళు ఏరి గట్టు పెట్టాను. నారు జానెడు ఎదిగాక సాయంత్రం పూట నాటాను, మొక్కకూ మొక్కకూ మూరన్నర ఎడం ఇచ్చాను. రకాలను కలిపి నాటితే తేనెటీగలు పుప్పొడి కలిపేస్తాయి, మరుసటేడు ఏ కాయ ఏదో తెలియదు. అందుకని యారాలి చారల వంకాయను మిగతావాటికి దూరంగా గట్టు అవతల పెట్టాను. పుచ్చు పట్టిన కొమ్మను చూసిన వెంటనే విరిచి కాల్చేదాన్ని. ప్రతి మొక్కకూ నీళ్ళు పోస్తూ ఆమె మాటలు ఒకసారి గుర్తుచేసుకునేదాన్ని. ఎరువు కన్నా అది బాగా పనిచేసింది.

ఇక ఆమె మూల సంగతి. వంగ వేసిన చోట మరుసటేడు వంగ వేయకూడదనీ, దాని చుట్టాలైన మిరప, పొగాకు కూడా వేయకూడదనీ మా అమ్మ చెప్పేది. నేలకు రోగం పట్టుకుంటుంది, ఒకసారి పట్టిందంటే ఊరుకోదు. మా యారాలు ఆ మూల తనకు కలిసొచ్చిందని కాపురానికి వచ్చినప్పటి నుంచి అక్కడే వేస్తోంది. కిందటేడే రెండు మొక్కలు మధ్యాహ్నానికి ఉన్నట్టుండి వాలిపోవడం నేను చూశాను. ఆకు పచ్చగానే ఉంటుంది, పసుపు ఎక్కదు, పురుగు ఉండదు, మొక్క మాత్రం తల వేలాడేస్తుంది. చెప్పాలా? ఎందుకు చెబుతాను? నా చెయ్యి మంచిది కాదు కదా, మంచిది కాని చేతి సలహా ఎవరికి కావాలి?

ఆ ఏడు వానలు విడవకుండా పట్టాయి. పూత దశలో ఒక మొక్క వాలింది. తర్వాత దాని పక్కది. వరసలో ఒకదాని వెంట ఒకటి పడిపోయాయి. యారాలు దిష్టి తీసింది, పసుపునీళ్ళు పోసింది, మంత్రాలు వేసే గురువడిని పిలిచి కోడిని కోయించింది. విత్తుకాయ పసుపు తిరగకముందే ఆఖరి మొక్క కూడా పోయింది. కుండ అడుగున పాతగింజలు వెతికింది, పురుగు తినేసింది. అప్పుడు ఊరంతా తిరిగింది. ఏళ్ళ తరబడి ఊళ్ళో ఎంతమందికో ఆ విత్తు పెట్టింది కదా, ఒక్కరింటి పెరట్లోనైనా ఉండాలి. ఒక్కరికీ మొలవలేదు, ఒట్టిచెయ్యి పేరు వస్తుందని ఎవరూ బయటికి చెప్పుకోలేదు. అందరికీ వేపే ఇచ్చింది; ఏదో ఒక గింజ వేగకుండా తప్పించుకుని ఉంటుందని ఆమె ఆశ. ఒక్కరికి పచ్చిగింజ పెట్టి ఉంటే ఆ రోజు ఆ గడప తొక్కి తన కాయను తిరిగి తెచ్చుకునేది. ఆమె ఖాళీచేతులతో ఇంటికి రావడం అరుగు మీద కూర్చుని చూశాను. పప్పు ఏరుతున్నాను, ఏరుతూనే ఉన్నాను.

మామగారు రోజూ కంచం ముందు మొహం ముడుచుకునేవారు. అత్త పెద్దకోడలి మీద గొణుగుడు మొదలుపెట్టింది. దాన్ని కొన్నాళ్ళు సాగనిచ్చాను. లంబసింగి చలి మా వైపుకూ పాకినట్టు పొద్దున్నే మంచు ముసురుకుంటున్న రోజులవి. ఒక ఉదయం గెడ్డ దాటి వెళ్ళి బుట్ట నింపుకుని వచ్చాను. అడుగున తెల్లవి, ఆకుపచ్చవి, పొడుగువి, గుత్తివి. పైన వరసగా చారల వంకాయలు పేర్చాను. ఇంటిల్లిపాదీ ఎండకు అరుగు మీద కూర్చుని ఉండగా మా అత్త ముందు దించాను.

అత్త ఒక కాయ తీసి తొడిమ తిప్పి చూసింది. ముల్లు గుచ్చుకుంటే వేలు నోట్లో పెట్టుకుంది.

"ఇయ్యి ఎక్కడియే?"

"నేనే వేశాను అత్తా, గెడ్డ అవతల. అప్ప పెట్టిన విత్తే" అన్నాను.

యారాలు లేచి నిలబడింది. ఆమెకు ఉన్న దారులు నేను ముందే లెక్కచూసుకున్నాను. ఇవి నేనిచ్చిన విత్తులు కావు అంటే, మరి నువ్వు పెట్టినవి ఎందుకు మొలవలేదని అత్త అడుగుతుంది. వేపి ఇచ్చానని చెప్పుకునే వీల్లేదు. దొంగిలించిందని అనాలంటే, చేట దగ్గర ఒట్టిచేతిని కాపలా పెట్టింది తానే. ఆ నింద వేసినా, దొంగవిత్తయినా నా చేతిలో మొలిచిందిగా.

"పెద్దదానా, ఇయ్యి నువ్విచ్చిన ఇత్తులేనేటి?" అని అత్త అడిగింది.

యారాలు నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. చెప్పమన్నట్టు తల ఊపాను.

"అవునత్తా. నానిచ్చినవే" అంది.

ఆ మాట కోసం నేను రెండు తొలకరులు కాచుకున్నాను. మళ్ళీ చెప్పించుకోవాలనిపించింది, కానీ అత్త అప్పటికే నా చెయ్యి పట్టుకుని చూస్తోంది. "మొదట్నుంచీ అనుకున్నాను, మంచిసెయ్యేనని" అంది. ఆమె ఏమనుకుందో నాకు తెలుసు. అయినా కాదనలేదు.

ఆ తర్వాత ఊళ్ళో ఆడవాళ్ళందరూ వచ్చి నా ముందు కొంగు చాపారు. అందరికీ పెట్టాను. ఊరంతా ఆ చారల వంకాయ కాసింది, ఇప్పటికీ కాస్తోంది. యారాలు మాత్రం అడగలేదు. అడిగితే ఇవ్వక తప్పేది కాదు, మంచివే ఇచ్చేదాన్ని కూడా. తానే అందరికీ వేపి ఇచ్చిన మనిషికి, ఎదుటివాళ్ళు పెట్టే విత్తు మీద నమ్మకం ఎలా కుదురుతుంది? ఎప్పుడూ నా వైపు ఒక అడుగు వేసి ఆగిపోయేది. తన పుట్టింటి కాయ ఊరందరి పెరళ్ళలో ఉండి, తన పెరట్లో లేకుండా బతికింది. జాలి పడాలని నాకు ఎవరెవరో చెప్పారు. ప్రయత్నించాను, రాలేదు.

మరుసటి తొలకరికి మా అత్త మోకాళ్ళ మీద లేవలేక, చోళ్ళ బుట్టను వాకిట్లోకి తెప్పించింది. మొదటి గుప్పెడు నన్ను చల్లమంది. చల్లే మనిషి వెనక బుట్ట మోస్తూ ఒకరు నడవాలి. ఇంట్లో ఇంకెవరున్నారు? "పెద్దదానా, నువ్వట్టుకో" అంది.

యారాలు బుట్ట నడుము మీద పెట్టుకుని నా వెనక నడిచింది. బురదలో కాళ్ళు దిగబడుతున్నాయి. నేను వెనక్కి చెయ్యి చాపినప్పుడల్లా ఆమె బుట్ట వంచి నా గుప్పిట నింపాలి. కొండ మీద మబ్బు పట్టి చినుకులు మొదలయ్యాయి.

"వాన వచ్చీత్తంది. బేగి సల్లమ్మా" అని తొందరపెట్టింది. నన్ను అమ్మా అనడం అదే మొదటిసారి.

నేను వెనక్కి తిరగకుండా చెయ్యి చాపాను. ఆమె నింపింది. మడి ఆ చివర దాకా ఎంతో ఉంది. నేను బేగి చల్లలేదు.